మొలకల రొట్టె, మెయిన్ స్విచ్చు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చన్నీళ్ళు కావాలంటే గీజరు నుంచి పట్టుకునేవాళ్ళం. వేళాకోళం కాదు. షార్జాలో ఎండాకాలం మేడ మీది ట్యాంకు పొద్దున తొమ్మిదికల్లా కాగిపోతుంది. నీలం గుర్తున్న కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంటుంది. అందుకని మే నెల రాగానే గీజరు స్విచ్చు ఆపేస్తారు. ఇంటి లోపల, ఏసీ నీడన కూచున్న ఆ డబ్బాలో నీళ్ళు నెమ్మదిగా చల్లారతాయి. అప్పుడు ఎర్ర గుర్తు కుళాయిలో చల్లనివి, నీలం గుర్తు కుళాయిలో వేడివి. మా తమ్ముడు ఈ ఇంట్లోనే మాటలు నేర్చాడు కనుక ఎరుపంటే చల్లనని చాలాకాలం నమ్మాడు. ఇస్త్రీపెట్టె మీది ఎర్ర లైటు వాడికి తర్వాత వేరే పాఠం చెప్పింది.

చిన్నప్పుడంటే మరీ పాతకాలం కాదు. స్కూలు లాప్‌టాప్‌లో జరిగి, మాస్కులు గడ్డాల కింద ఉండే రోజులు. అప్పుడు నాకు పదేళ్ళు. ఇప్పుడు పదిహేను నిండాయి కాబట్టి ఇంట్లో తమ్ముడి తర్వాత పెద్దదాన్ని నేనే అని మా నాన్న అంటాడు.

మాది రెండు గదుల ఫ్లాటు. అందులో మూడు కాపురాలు. పెద్ద గదిలో కరీంనగర్ పెద్దమ్మా ఆవిడ భర్తా ఉండేవారు. ఫ్లాటు వాళ్ళ పేరు మీదే ఉండేది. చిన్న గదిలో మేం నలుగురం. హాలును ప్లైవుడ్డు చెక్కతో అడ్డంగా కోస్తే వచ్చిన గదిలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. మేం వాళ్ళను హాలత్త, హాలు మామయ్య అనేవాళ్ళం. ఆ గదికి తలుపు లేదు, పూల కర్టెను ఉండేది.

హాలు మామయ్య దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో కంపెనీ బస్సు నడిపేవాడు. నా సైకిలు చైను ఊడితే ఓపిగ్గా కూచుని ఎక్కించేవాడు. పెళ్ళాన్ని కొట్టేవాడు. తాగి కాదు. ఈ ముక్క ముందే చెప్పాలి, ఎందుకంటే వినేవాళ్ళు మొదట అడిగేది అదే. ఆయన మందు ముట్టడు. పాలు లేని సులేమానీ టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడు కొట్టేవాడు. తర్వాత వంటింటి వెనక బాల్కనీలోకి వెళ్ళి ఒక సిగరెట్టు కాల్చుకునేవాడు. ఆఫీసు ఫైలుకు సంతకం పెట్టినంత పద్ధతిగా జరిగేది.

మొదటి చప్పుడు వినపడగానే మా నాన్న రిమోటు అందుకునేవాడు. వార్తలు చదివే అమ్మాయి గొంతు రెండింతలయ్యేది. పెద్ద గదిలో పెద్దమ్మ సీరియలు దాన్ని మించిపోయేది. అక్కడి చట్టం ప్రకారం మూడు కాపురాలు ఒక ఫ్లాటులో ఉండకూడదు కనుక, పోలీసును పిలిస్తే ముందు ప్లైవుడ్డును చూస్తాడు, తర్వాతే దెబ్బలు చూస్తాడు అని మా నాన్న సిద్ధాంతం. "మన జోలి కాదు" అనేవాడు, సౌండు ఇంకో రెండు గీతలు పెంచి. బయటివాళ్ళెవరైనా వింటే ఆ ఇంట్లో అందరికీ చెవుడు అనుకునేవాళ్ళు. మాకు కావలసిందీ అదే.

నేను చూసి నేర్చుకునే పిల్లని. తమ్ముణ్ణి కొట్టే ముందు కార్టూను సౌండు పెంచాలని నాకెవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. అంతకు ముందే వాడి ముందు పన్ను ఒకటి నా చేతి రిమోటు దెబ్బకు ఊడింది. అది పాలపన్ను, ఎలాగూ ఊడేదేనని నేను వాదించాను. మా అమ్మ తన వాదన అట్లకాడతో వినిపించింది.

ఒక మధ్యాహ్నం అమ్మ డ్యూటీలో ఉంది, నాన్న కిందికి కిరాణాకు వెళ్ళాడు. కార్టూను గట్టిగా పెట్టి, తమ్ముడి జుట్టు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో వీపు మీద బాదుతున్నాను. కారణం గుర్తులేదు. వాడికి గుర్తుందంటాడు కానీ వాడి మాట నమ్మలేం. ఉన్నట్టుండి టీవీ ఆగిపోయింది. నా చెయ్యి అప్పటికే కిందికి దిగుతోంది, ఆపలేకపోయాను. ఆ ఒక్క దెబ్బ గదంతా వినిపించింది, తడిబట్టను బండకేసి బాదినట్టు. అంత చప్పుడు నా చేతి నుంచి వస్తుందని నాకు అంతవరకూ తెలియదు.

గుమ్మంలో హాలత్త రిమోటు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ కంటి కింద మూడురోజుల నాటి దెబ్బ నలుపు నుంచి పచ్చలోకి దిగుతోంది. తిట్టలేదు. "ఇన్నావా?" అని అడిగింది, అంతే. నేను ఊఁ అన్నాను. తమ్ముడు మాత్రం తాను మొదటినుంచీ వింటూనే ఉన్నానని ఏడుస్తూ చెప్పాడు.

"రాయే అమ్మడూ, ఆ సేతికి ఖాళీ ఎక్కువైంది. పని సెప్తాను" అంది.

ఆ పని గోధుమలు. హాలత్త రోజూ దుబాయ్‌లో ఒక విదేశీ మేడమ్ విల్లాలో వంట చేసేది. ఆ మేడమ్ మామూలు పిండి రొట్టె ముట్టదు. గోధుమలు నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలకలనే రుబ్బి కాల్చిన రొట్టె కావాలి. అది నేర్చుకోవడానికి హాలత్తకు ఏడాది పట్టింది. ఇప్పుడు ఆ విల్లాలో వంటగది పగలగొట్టి కొత్తది కడుతున్నారు. మేడమ్ శుక్రవారం పొద్దున స్నేహితులను ఫలహారానికి పిలిచింది. గురువారం సాయంత్రం ఐదింటికి డ్రైవరు వస్తాడు, ఆరు రొట్టెలు మా ఇంట్లో చేసి సిద్ధంగా ఉంచాలి. అవి కుదిరితే హాలత్తను పూర్తిగా తన దగ్గరే పెట్టుకుంటానని, వీసా కూడా తనే తీస్తానని మేడమ్ మాట ఇచ్చింది. అప్పటిదాకా హాలత్త వీసా మొగుడి పేరు మీద ఉంది, ఆయన రద్దు చేయిస్తే దేశం విడిచి పోవాల్సిందే.

ఆ ఇంట్లో ఈతకొలను ఉందా, ఐస్‌క్రీములు ఎన్ని రకాలుంటాయి అని నేను అడిగాను. ఆవిడ అవేం చెప్పలేదు. గోధుమల్లో రాళ్ళు ఏరుతూ, "గదికి తలుపుంటాదంట. లోపలికి గడియంట" అంది. ఇంకెవరికీ చెప్పొద్దని నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పితే తల పగులుతుందో లేదో తెలియదు కానీ, మా ఇంట్లో తల పగలడానికి ఒట్టుతో పనిలేదు.

గోధుమలు నానబెట్టడం ఒక రాత్రి. తర్వాత నీళ్ళు ఓడ్చి, పాత నేత చీర ముక్కలో వదులుగా మూటకట్టి, చిల్లుల గిన్నెలో పెట్టాలి. రోజుకు మూడుసార్లు మూటను తడిపి వడకట్టాలి. గింజ బతికి ఉంటుంది, దానికి తడి కావాలి, ఊపిరీ కావాలి, మునిగితే కుళ్ళుతుంది, వేడి తగిలితే చస్తుంది. కాబట్టి తడపడం ఎర్ర గుర్తు కుళాయి కిందే, అంటే మా చల్లని గీజరు నీళ్ళ కిందే. తెల్లటి తోక గింజ పొడవు దాటకముందే రుబ్బెయ్యాలి. దాటిందంటే రొట్టె లోపల బంకలా మిగిలిపోతుంది. మేడమ్ రొట్టెకు ముందు హాలత్త రెండుసార్లు చిన్న మూటలు కట్టి నాకు చూపించింది. లాప్‌టాప్‌లో టీచరు పత్రహరితం గురించి చెబుతుంటే నేను కెమెరా ఆపేసి మూట విప్పి తోకలు చూసుకునేదాన్ని. సైన్సులో ఆ ఏడాది నాకు మార్కులు తక్కువే వచ్చాయి.

సోమవారం రాత్రి అసలు గోధుమలు నానబెట్టింది. మంగళవారం పొద్దున మూట కట్టింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మామయ్య ఆమెను కొట్టాడు. కూరలో ఉప్పు గురించి. నేను వంటింట్లోనే ఉన్నాను. ఆయన కంచాన్ని అంచు పట్టుకుని పలకలా ఊపి ఆవిడ చెవి మీద కొట్టాడు. చెవిపోగు ఊడి అన్నంలో పడింది. ఆవిడ వంగి వెతుక్కుంటుంటే వీపు మీద మోకాలితో ఇంకొకటి. మా గదిలో వార్తల అమ్మాయి అరవడం మొదలుపెట్టింది. ఆయన బాల్కనీలోకి పోయి సిగరెట్టు వెలిగించాడు. ఆవిడ పోగు కడుక్కుని మళ్ళీ పెట్టుకుంది.

నాకు కోపం వచ్చింది. నా కోపం అప్పట్లో బాగా పేరున్నది. మామయ్య రోజూ ఐదింటికి స్నానం చేసి సాయంత్రం షిఫ్టుకు వెళ్తాడు. ఎర్ర గుర్తు కుళాయి తిప్పి కళ్ళు మూసుకుని దాని కింద నిలబడతాడు. బాత్రూముకూ వంటింటికీ ఒకటే గీజరు. నాలుగింటికి ఎవరూ చూడకుండా వెళ్ళి గీజరు స్విచ్చు వేశాను. ఎర్ర దీపం వెలిగింది. అది కనపడకుండా నా లెక్కల నోటుబుక్కు మీది స్టిక్కరు పీకి దాని మీద అంటించాను. నవ్వుతున్న పసుప్పచ్చ నక్షత్రం. తర్వాత గదిలోకి వెళ్ళి మంచం మీద కూచుని మామయ్య కేక కోసం ఎదురుచూశాను. నా జీవితంలో అంత బుద్ధిగా కూచున్నది ఆ అరగంటే.

కేక వినపడింది. అది ఆడగొంతు.

నాలుగున్నరకు మూట తడిపే వేళ. నేను మరిచిపోతానని హాలత్తే వెళ్ళింది. మూటను రెండు చేతుల్లో పట్టుకుని, ఎర్ర గుర్తు కుళాయి పూర్తిగా తిప్పింది. నేను వెళ్ళేసరికి మూట సింకులో ఉంది, దాన్నించి ఆవిరి లేస్తోంది. ఉడికిన గోధుమల వాసన చాలా బాగుంటుంది. ఆ మాట ఇప్పటికీ ఎవరికీ చెప్పబుద్ధి కాదు. హాలత్త రెండు అరచేతులూ పైకి పెట్టి, ఎవరి చేతులో అన్నట్టు చూస్తోంది. వేళ్ళ సందుల్లో తోలు అప్పుడే ఉబ్బుతోంది.

ఆవిడ స్విచ్చు వైపు చూసింది. నక్షత్రం నవ్వుతూనే ఉంది. తర్వాత నా వైపు చూసింది. పెద్దమ్మ చెప్పుల చప్పుడు దగ్గరకొస్తోంది. హాలత్త బొబ్బలెక్కుతున్న వేలి గోటితో ఆ స్టిక్కరు గీకి తీసి, అరచేతి వెనక అంటించుకుని, స్విచ్చు ఆపింది. "ఏమైందే?" అని పెద్దమ్మ అడిగితే, తానే మతిలేక గీజరు వేసుకున్నానంది. మామయ్య వచ్చి, మతి ఉంటే కదా పోవడానికి అన్నాడు. స్నానం మాత్రం ఆ రోజు మానేశాడు.

ఆవిడ చేతులను బియ్యం కడిగిన నీళ్ళలో పెట్టి, పక్కన కూచుని నేను ఏడ్చాను. ఏడుపు ఆగేదాకా ఆగి అంది: "నీ కోపం తప్పు కాదే అమ్మడూ. నీళ్ళకి ఎవరి సెయ్యో తెలవదు గదా." కాసేపయ్యాక, "ఏడిత్తే మొలకలొత్తాయా? ఆ డబ్బా తీసుకురా, మళ్ళీ నానబెడదాం" అంది.

మంగళవారం సాయంత్రం ఆరు. గురువారం ఐదింటికి రొట్టె. చలిదేశంలో అయితే కుదరదేమో, షార్జా జులైలో గోధుమ ఒక్కరోజులో తోక పెడుతుంది. ఆ ఒక్క విషయంలో ఎండ మా వైపు ఉంది. ఆవిడ చేతులు బట్టముక్కల్లో ఉన్నాయి కనుక చేతులు నావి, మాట ఆవిడది. ఈసారి కుళాయిని నమ్మలేదు. తాగే నీళ్ళ క్యాను నుంచి గ్లాసుతో తడిపాను. గీజరు స్విచ్చు దగ్గరికి తమ్ముడు వెళ్ళినా నేను గుర్రుమనేదాన్ని. వాణ్ణి మాత్రం కొట్టలేదు. చేతులు తడిగా ఉన్నాయి, పని ఉంది.

గురువారం పొద్దున మూట విప్పితే ప్రతి గింజకూ చిన్న తెల్ల తోక. ఇడ్లీ గ్రైండరులో రుబ్బాం. ఉప్పు, ఈస్టు, నాలుగు ఖర్జూరాలు. మధ్యాహ్నం ఓవెన్ ఖాళీ చేశాం. గ్యాసు పొయ్యి కింద ఓవెన్ ఉంటుందన్న సంగతి మా ఇంట్లో చాలామందికి తెలియదు. అది మూకుళ్ళు దాచే బీరువా అనుకునేవాళ్ళం. మూడున్నరకు నాలుగు రొట్టెలు బయట చల్లారుతున్నాయి. చివరి రెండూ లోపల ఉన్నాయి.

అప్పుడు మామయ్య వచ్చాడు. మామూలుగా ఐదింటి స్నానందాకా గదిలో పడుకునే ఉంటాడు. హాలత్త ఫోను పొద్దున కర్టెను వెనక మరిచిపోయింది, మేడమ్ పంపిన మెసేజి ఆయన చదివాడు. వీసా గురించి.

సులేమానీ అడగలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి హాలత్త జడ పట్టుకుని తలను ఫ్రిజ్జు తలుపుకేసి కొట్టాడు. ఫ్రిజ్జు మీది పప్పుల డబ్బాలు దొర్లాయి. "వీసా కావాలా? నీకు వీసా కావాలా?" అంటూ ఓవెన్ తలుపు తన్ని తెరిచి, మసిగుడ్డతో రేకులు లాగి నేలకేసి కొట్టాడు. రెండు రొట్టెలు దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరకొచ్చాయి. గట్టు మీదున్న నాలుగింటి వైపు ఆయన చెయ్యి వెళ్తే, హాలత్త వాటి మీద బోర్లా పడుకుంది. ఆయన ఆ వీపు మీద కొట్టడం మొదలుపెట్టాడు. మా గదిలో టీవీ లేచింది. పెద్ద గదిలో టీవీ లేచింది.

గట్టు మీద చపాతీ కర్ర ఉంది. నా చెయ్యి దాని మీదకే వెళ్ళింది, అబద్ధమాడను. అప్పుడు హాలత్త చేతుల బట్టముక్కలు కనపడ్డాయి. కర్ర వదిలేసి మా గదిలోకి పరిగెత్తాను. నాన్న చేతిలో రిమోటు ఉంది, ఇవ్వడు. ఇచ్చినా పెద్దమ్మ టీవీ ఇంకొకటి ఉంది. గుమ్మం పక్కన కరెంటు బాక్సు ఉంది. కుర్చీ లాగి ఎక్కి మెయిన్ స్విచ్చు కిందికి లాగేశాను.

వార్తల అమ్మాయి మాట మధ్యలో చచ్చిపోయింది. సీరియలు పోయింది. నాలుగు ఏసీలూ ఊపిరి వదిలి ఆగాయి. ఫ్రిజ్జు ఆగింది. ఆ ఫ్లాటులో నేను పుట్టాక అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. అందులో ఒక దెబ్బ వినపడింది. ఇంకొకటి. మూడోది. చెయ్యి ఎత్తినప్పుడు ఆయన పీల్చే ఊపిరి కూడా వినపడింది. నాలుగోది ఆయనకే వినపడినట్టుంది, ఆగిపోయాడు.

తలుపులు తెరుచుకున్నాయి. ఏసీ లేకుండా జులైలో గదిలో కూచునే ధైర్యం ఎవరికీ లేదు, కనుక అందరూ వీరుల్లా బయటికొచ్చారని చెప్పను. చెమటకే వచ్చారు. వచ్చాక చూడక తప్పలేదు. "కరెంటు ఎవలు తీసిన్రు?" అని మొదలుపెట్టిన పెద్దమ్మ ఆ మాట పూర్తిచేయలేదు. మా నాన్న వంటింట్లోకి వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ఏదో పెద్దమాట అనబోయాడు కూడా. ఈలోగా మామయ్య పిడికిలి వచ్చి ముక్కు మీద తగిలింది. మా నాన్న ఆ రోజు హింసను ముక్కుతో ఆపాడు. రక్తం చొక్కా మీదికి కారుతున్నా పక్కకు జరగలేదు. ఆయన్ను నేను ఎన్ని విషయాల్లో వెక్కిరించినా, ఆ విషయంలో వెక్కిరించడం ఇదే మొదటిసారి, ఇదే ఆఖరు.

"చెయ్యి దించు" అంది పెద్దమ్మ. గట్టిగా అనలేదు, అవసరం లేదు, అన్నీ వినపడుతున్నాయి. "దించురా. ఇన్నొద్దులు మేం చెవులు మూసుకున్నం, కండ్లు గూడ మూసుకున్నమనుకున్నవా?"

మామయ్య అందరినీ చూశాడు. ఆ తర్వాత అలవాటు ప్రకారం బాల్కనీలోకి వెళ్ళి సిగరెట్టు తీశాడు. పెద్దమ్మ నెమ్మదిగా వెళ్ళి గాజు తలుపు జరిపి గడియ వేసింది. ఆ గడియ లోపలి వైపు ఉంటుంది. బయట ఎండ నలభై ఐదుకు తక్కువ లేదు. ఆయన అద్దం మీద కొట్టాడు. అద్దం గట్టిది, పైగా దానికి కూరలో ఉప్పు గొడవ లేదు. "పొగ అయినంక మాట్లాడుదాం, ఖలాస్" అని పెద్దమ్మ మంచినీళ్ళ సీసా ఒకటి కిటికీ కంతలోంచి అందించింది. చంపే ఉద్దేశం ఆవిడకు లేదు. కాస్త మొలకెత్తించాలనుకుంది, అంతే.

ఐదింటికి డ్రైవరు బెల్లు కొట్టాడు. హాలత్త నుదుటి మీద కోడిగుడ్డంత వాపుతో, నాలుగు రొట్టెలూ శుభ్రమైన గుడ్డలో చుట్టుకుని, ఒక చేతిసంచీతో లిఫ్టు ఎక్కింది. రొట్టెలు బాగా కుదిరాయో లేదో తెలియకుండానే వెళ్ళింది. లిఫ్టు కిందికి దిగాకే పెద్దమ్మ బాల్కనీ గడియ తీసింది. హాలత్త మళ్ళీ ఆ కర్టెను వెనక్కి రాలేదు. కాగితాల పనికి నెలలు పట్టింది, మా పెద్దమ్మ భర్త రెండుసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మామయ్య నెల తిరక్కుండా అల్ ఖూజ్‌లో కంపెనీ క్యాంపుకు మారిపోయాడు. వెళ్ళే ముందు రోజు నా సైకిలు చైనుకు నూనె పెట్టాడు. దాంతో ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేలమీద పడ్డ రెండు రొట్టెలను పైపెచ్చు తీసి ఆ సాయంత్రం మేమే తిన్నాం. ఇటుకల్లా ఉన్నాయి. తమ్ముడి రెండో పన్ను అందులోనే ఉండిపోయింది. ఈసారి నాకు సంబంధం లేదని సాక్షులున్నారు. కానీ నమలగా నమలగా తీపి వచ్చింది, చక్కెర వెయ్యలేదు కదా అని మా అమ్మ రెండుసార్లు అడిగింది. మేడమ్ స్నేహితులకు ఆ ఇటుకలు తెగ నచ్చాయట. డబ్బున్నవాళ్ళ పళ్ళు గట్టివి.

తర్వాత ఏడాది హాలత్త మమ్మల్ని ఆ విల్లాకు పిలిచింది. పనివాళ్ళ గది, చిన్నది. తలుపు ఉంది. నేను లోపలికి వెళ్ళి గడియ వేసి చూశాను, తీసి చూశాను. గడియ పక్కన చెక్క మీద పసుప్పచ్చ నక్షత్రం ఒకటి అంటించి ఉంది. రంగు వెలిసింది, ఒక కొస కాస్త వంగింది, నవ్వు మాత్రం అలాగే ఉంది. హాలత్త అరచేతుల్లో తోలు నున్నగా, లేత రంగులో ఉంది. ఆ చేతుల్తోనే నాకు రొట్టె కోసి పెట్టింది.

మా ఇంట్లో ఇప్పటికీ నేనే గోధుమలు మొలకెత్తిస్తాను. కోపం కూడా ఇంకా ఉంది, తమ్ముణ్ణి అడిగితే చెబుతాడు. కానీ చెయ్యి లేచినప్పుడల్లా ముందు టీవీ ఆపుతాను. ఆపాక కొట్టబుద్ధి కాదు. ఇక పక్క ఫ్లాటులో ఎవరి టీవీ అయినా ఉన్నట్టుండి గట్టిగా మోగిందంటే, చెప్పులు వేసుకుని వెళ్ళి తలుపు తడతాను. ఇప్పటిదాకా నాలుగుసార్లు తట్టాను. మూడుసార్లు క్రికెట్టు మ్యాచే, తిట్లు తిన్నాను. నాలుగోసారి తలుపు తీసినావిడ చెంప మీద ఐదు వేళ్ళ గుర్తులున్నాయి. రొట్టె తెచ్చానండీ, తింటారా అని అడిగాను.